ఉక్కు తొడుగు తూటాలు, పాత సైనిక తుపాకులు: ఒక చారిత్రక పరిశీలన

ఉత్తర హిందూస్థానమున ఒకప్పుడు జనులు ఇంగ్లీషు కంపెనీ సిపాయిని "తిలంగా" అని పిలుచుచుండిరి. 1756-57 సంవత్సరములలో రాబర్టు క్లైవు చెన్నపట్నమునుండి ఓడలమీద వంగదేశమునకు తీసికొనిపోయిన దక్షిణదేశపు సిపాయిలతో ఆ పేరు అచ్చట వ్యాపించినది. తెలుగునాటి పేరు ఆ విధముగా, తుపాకి పట్టి కవాతు నేర్చిన మనుష్యునికి పర్యాయపదమైనది. 1857లో ఢిల్లీ నగరమున ప్రవేశించిన సిపాయిలు అవధ్, బీహారు ప్రాంతములవారైనను, నగరవాసులు వారిని కూడ తిలంగాలనియే వ్యవహరించిరి.

మన వలసలను గూర్చి వ్రాయునప్పుడు మగ్గము వెంట పోయినవారిని, కట్టడపు పనికి పోయినవారిని, పొలము వెదకికొనుచు పోయినవారిని, వర్తకమునకు పోయినవారిని సాధారణముగా పేర్కొందుము. తుపాకి వెంట పోయినవారిని అంతగా తలపము. 1780లో ఏర్పడిన మద్రాసు పయొనీరు దళములే తరువాత మద్రాసు సాపర్లని ప్రసిద్ధి చెంది, 1834లో బెంగుళూరును స్థిరనివాసముగా చేసికొనినవి. ఆ దళమున తమిళులతోను, కన్నడిగులతోను, మలయాళీలతోను పాటు తెలుగువారును చేరుచు వచ్చిరి. హలసూరు చెరువు పరిసరములయందలి తెలుగు కుటుంబములకు ఆ దళము పేరు కొత్తది కాదు. పుణెలో స్థిరపడిన మనవారికి ఖడ్కీ తూటాల కర్మాగారము పేరును అట్లే పరిచితము. అది 1869లో స్థాపితమైనది.

ఈ కారణమున, పైకి కమ్మరివాని గొడవవలె కనిపించు ఒక ప్రశ్నను ఈ సంచిక పాఠకుల యెదుట పెట్టుటకు సాహసించుచున్నాను. ఇత్తడికి బదులు ఉక్కుతో చౌకగా చేసిన తొడుగు గల తూటా పాత సైనిక తుపాకిలో నమ్మదగినదా, కాదా? "ఉక్కు తూటా పట్టివేయును, ఇత్తడి తూటా దొరలును" అని ఆయుధములు ఎరిగినవారిలో ఒక నానుడివంటి మాట కలదు. అది ఎంతవరకు నిజమో చరిత్ర సాక్ష్యముతో విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. తూటా తొడుగు తుపాకిలో చిక్కుకొనినప్పుడు నష్టపోవునది తొడుగు చేసిన కర్మాగారము కాదు, ధర తగ్గించిన అధికారి కాదు, దానిని చేతబట్టుకొని శత్రువు నెదుర్కొను సిపాయి. అందువలన ఇది లోహమునకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు.

తొడుగు చేయు పని

తూటాలో నాలుగు భాగములు కలవు. ముందు గుండు, దాని వెనుక మందు, అడుగున రంజకము నిండిన చిన్న క్యాపు, ఈ మూడింటిని ఇముడ్చుకొను తొడుగు. 1857 నాటి ఎన్‌ఫీల్డు తూటాకు తొడుగు కాగితము. దానికి పూసిన కొవ్వును గూర్చిన అనుమానము ఎంత దూరము పోయినదో మనకందరకు తెలియును. ఆనాటి సిపాయి ఆ కాగితమును పంటితో చించి, మందును గొట్టములో పోసి, గుండును కడ్డీతో దిగగొట్టెడివాడు. కాగితపు తూటాను బయటికి లాగవలసిన పనియే లేదు.

వెనుకనుండి తూటా పెట్టు తుపాకులు వచ్చిన తరువాత తొడుగు పని మారినది. మందు మండినప్పుడు తూటాగదిలో చదరపు అంగుళమునకు నలువది వేల పౌనులకు మించిన ఒత్తిడి పుట్టును. ఆ క్షణమున తొడుగు ఉబ్బి గది గోడలకు గట్టిగా అతుకుకొని, వాయువు వెనుకకు, అనగా సిపాయి కంటివైపునకు, రాకుండ అడ్డుపడవలెను. గుండు వెడలిపోయి ఒత్తిడి తగ్గగనే అదే తొడుగు తిరిగి కొంత ముడుచుకొని గోడలను వదలవలెను. అప్పుడే బోల్టుకు అమర్చిన కొక్కెము దాని అంచును పట్టి బయటికి లాగగలదు. ఉబ్బుట, ముడుచుకొనుట అను ఈ రెండు పనులును కన్నుమూసి తెరచునంతలో జరుగవలెను. వానకాలమున తలుపు చెక్క ఉబ్బి ద్వారబంధమున పట్టివేయుట మన మెరిగినదే. ఎండ కాయగనే అది మరల సులువుగా తెరచుకొనును. తొడుగు ఉబ్బిన తరువాత ముడుచుకొనకపోయిన యెడల సిపాయి చేతిలోని తుపాకి ఆ తలుపు వలెనే బిగిసిపోవును.

ఈ రెండు పనులకును తగిన లోహముగా పందొమ్మిదవ శతాబ్దపు చివర స్థిరపడినది ఇత్తడి. నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తగరముకాదు, యశదము, అనగా జింకు, కలిపిన ఇత్తడినే నేటికిని తూటా ఇత్తడి యందురు. అది సాగును, తిరిగి ముడుచుకొనును, తుప్పు పట్టదు. దానికి గల లోపము ఒక్కటియే. రాగి ఖరీదైనది, యుద్ధకాలమున దొరకనిది.

అబూక్లియాలో చిక్కిన తూటాలు

ఇత్తడియైనను మొదటినుండి నమ్మకమును నిలుపుకొనలేదు. 1871లో బ్రిటిషు సైన్యము స్వీకరించిన మార్టినీ-హెన్రీ తుపాకికి వాడిన తూటా, ఉలిచ్ ఆయుధశాల అధికారి కర్నలు ఎడ్వర్డు బాక్సరు రూపొందించిన పద్ధతిది. అందు తొడుగు ఒకే ముద్దనుండి సాగదీసినది కాదు. పలుచని ఇత్తడి రేకును చుట్టగా చుట్టి, అడుగున ఇనుప బిళ్లను బిగించి చేసినది. అట్లు చేయుట చౌక, సులభము. ఇంగ్లండులోని చాందుమారీ మైదానములలో అది చక్కగనే పేలినది.

1885 జనవరి 17వ తేదీన సూడాను ఎడారిలో అబూక్లియా వద్ద జరిగిన పోరులో దాని లోపము బయటపడినది. ఎడారి యిసుక, ఎండవేడిమి, వరుసగా కాల్చుటచే కాగిన గది, వీని మధ్య రేకు చుట్ట నలిగి గదికి అంటుకొనినది. కొక్కెము లాగినప్పుడు ఇనుప బిళ్ల ఊడివచ్చి తొడుగు లోపలనే మిగిలిపోయిన సందర్భములు కలవు. శత్రువు చతురస్రవ్యూహమును చొచ్చుకొని వచ్చు వేళ సిపాయిలు కత్తిమొనతో తొడుగులను పెకలించుకొనవలసి వచ్చినది. గార్డ్‌నరు యంత్రపు తుపాకి కూడ ఆ దినమున చిక్కుకొనినది. తరువాత ఈ ఫిర్యాదులపై చర్చ నడిచి, చుట్టతొడుగు స్థానమున ఒకే ముద్దనుండి సాగదీసిన ఇత్తడి తొడుగు వచ్చినది.

అదే సంవత్సరము మార్చి 22వ తేదీన అదే సూడాను దేశమున సువాకిను సమీపమునందలి టోఫ్రెక్ వద్ద మద్రాసు సాపర్లు పోరాడి పెక్కుమందిని కోల్పోయి, ఆ పేరు గల యుద్ధగౌరవమును గడించిరి. బెంగుళూరునుండి సముద్రము దాటి పోయిన మనుష్యులు ఇసుకయు, ఉక్కపోతయు, తుపాకియు ఒకచోట చేరిన ఆ సీమలో నిలిచిరని తెలిసినప్పుడు, తూటా తొడుగు ప్రశ్న మనకు దూరపు ప్రశ్నగా తోచదు.

ఇచ్చట గమనింపవలసినది ఒకటి కలదు. అబూక్లియాలో చెడినది ఇత్తడియే. ఐనను దోషము ఇత్తడియందు లేదు. దోషము ఆ ఇత్తడిని రేకుగా చుట్టిన తీరునందు, ఇసుక చొరబడిన గదియందు ఉన్నది.

పుకారును మట్టి పరీక్షించిన వైనము

తొడుగులు చిక్కుకొనుటను గూర్చిన కథలలో మిక్కిలి ప్రసిద్ధమైనది అమెరికాలో 1876 జూన్ 25వ తేదీన లిటిల్ బిగ్‌హార్న్ నదీతీరమున జరిగిన పోరు. అందు కస్టరు సేనాని తనతో నున్న దళముతోకూడ హతుడయ్యెను. వారి చేతులలో నున్నవి 1873 నమూనా స్ప్రింగ్‌ఫీల్డు కార్బైనులు. వాని తూటాలకు తొడుగు మెత్తని రాగి. ఆ రాగి తొడుగులు గదిలో బిగిసిపోవుటచేతనే దళము నశించెనని చిరకాలము చెప్పుకొనిరి. బ్రతికి బయటపడిన మేజరు రీనో అదే సంవత్సరము జూలైలో ఆయుధశాఖకు వ్రాసిన లేఖలో తన వద్ద నున్న 380 కార్బైనులలో 6 మాత్రమే ఈ కారణమున పనికిరాకుండ పోయెనని తెలిపెను.

1983లో ఆ మైదానమున గడ్డి కాలిపోగా, 1984, 1985 సంవత్సరములలో పురాతత్వ పరిశోధకులు నేలను క్రమముగా వెదకి తూటా తొడుగులను సేకరించిరి. బిగిసిన తొడుగును కత్తితో పెకలించిన యెడల దానిపై గీతలు పడును. అట్టి గీతలు గల తొడుగులు దొరికినవానిలో నూటికి నాలుగు కూడ లేవు. రాగి తొడుగు లోపము నిజమే. సైన్యము తరువాత ఇత్తడికి మారుటయు నిజమే. కాని ఆ ఓటమికి కారణము తొడుగే యనుమాట నిలువలేదు. ఓడినవారి బంధువులకు, పాలకులకు కూడ లోహముపై నింద మోపుట సులభముగా నుండెను. ఉక్కు తొడుగును గూర్చిన నిందను తూచునప్పుడును ఈ సంగతి మనస్సునందుంచుకొనవలెను.

రాగి కరవు

ఉక్కు తొడుగు చౌక కొరకు పుట్టినదనుట సగము నిజము మాత్రమే. అది కరవున పుట్టినది. 1914-18 మహాయుద్ధమున జర్మనీకి సముద్రమార్గము మూసుకొనిపోయి రాగి రాక తగ్గగా, ఆ దేశమువారు మాసరు తుపాకి తూటాలకు ఉక్కు తొడుగులను చేయ మొదలిడిరి. రెండవ మహాయుద్ధము నాటికి ఆ విద్య చక్కబడినది. తుప్పు పట్టకుండుటకు, గదిలో జారుటకు తొడుగులకు లక్కవంటి పూత పూసిరి. నిమిషమునకు సుమారు 1,200 తూటాలు కాల్చు ఎంజి-42 యంత్రపు తుపాకి అట్టి ఉక్కు తొడుగు తూటాలను కోట్లకొలది మ్రింగినది. ఉక్కు తొడుగు స్వభావముచేతనే పట్టివేయునదైన యెడల అంత వేగముగల యంత్రము ఒక్క దినమైనను నడువజాలదు.

అమెరికా పక్షమునను అదే అవసరము కలిగినది. ఇండియానా రాష్ట్రమున ఎవన్స్‌విల్ నగరమందు క్రైస్లరు మోటారు సంస్థవారు నడిపిన కర్మాగారమున .45 పిస్తోలు తూటాలు మూడువందల కోట్లకు పైగా తయారైనవి. అందు అధికభాగము ఉక్కు తొడుగులవి. 1943లో అమెరికావారు తమ సెంటు నాణెమును కూడ రాగి మాని, జింకు పూసిన ఉక్కుతో ముద్రించిరి.

ఆ కరవు మన యిండ్లలోనికిని వచ్చినది. అదే 1943లో మన దేశమున నడుమ రంధ్రము గల కాని వెలువడినది. పెద్దలు దానిని "చిల్లు కాని" యనిరి. లోహమును పొదుపు చేయుటకై కానికి నడుమ చిల్లు పొడిచిరి. చిల్లు పడినంతమాత్రమున ఆ కాని చెల్లకపోలేదు. అంగడిలో దానికి కాని విలువయే ఉండెను. ఉక్కు తొడుగు తూటాయు అట్టిదే. లోహము మారినది, పని మారలేదు.

సోవియట్ రష్యాలో మాత్రము యుద్ధము ముగిసినను ఉక్కు తొడుగు పోలేదు. 1891 నాటి మోసిన్-నగాంత్ తుపాకి తూటాకు 1930ల నుండియు ఉక్కు తొడుగులు చేయుచుండిరి. 1943లో రూపుదిద్దుకొనిన 7.62 × 39 మిల్లీమీటర్ల తూటాను ఉక్కుతో చౌకగా చేయుటను దృష్టియందుంచుకొనియే తీర్చిరి. ఎస్‌కెఎస్, కలాష్నికోవ్ తుపాకులు రెండును దీనినే వాడును. చైనా మొదలగు దేశములును అదే మార్గమును అనుసరించినవి. 1991 తరువాత ఆ పాత తుపాకులును, చౌక తూటాలును లక్షలకొలది పశ్చిమదేశముల అంగళ్లలోనికి పోవుటచే, వాని నమ్మకమును గూర్చిన వాదము క్రొత్తగా రేగినది.

ఉక్కు స్వభావము

ఉక్కు అనగనే తెలుగువారికి కోనసముద్రము గుర్తుకు రావలెను. నిజామాబాదు ప్రాంతమునందలి ఆ గ్రామమున మూసలలో కరగించిన ఉక్కును పారసీక వర్తకులు కత్తుల కొరకు కొనిపోయెడివారు. ఆ పనితీరును గూర్చి వాయిసీ అను ఆంగ్లేయుడు వ్రాసినది 1832లో ప్రకటితమైనది. ఐరోపావారు ఆ లోహమునకు పెట్టిన "వూట్జ్" అను పేరు మన తెలుగు కన్నడముల "ఉక్కు" నుండి పుట్టినదే. కాని తూటా తొడుగునకు ఆ కత్తి ఉక్కు పనికిరాదు. అందు బొగ్గుసారము ఎక్కువ, అది పదును నిలుపును గాని సాగదు. తొడుగునకు కావలసినది బొగ్గుసారము మిక్కిలి తక్కువగా గల మెత్తని ఉక్కు.

ఈ మెత్తని ఉక్కునకును, ఇత్తడికిని గల భేదము ఒక్క లెక్కతో తేలును. ఉక్కు బిగి ఇత్తడి బిగికి సుమారు రెట్టింపు. అందువలన ఒకే బలము గల రెండు తొడుగులు గోడవరకు ఉబ్బి ఒత్తిడి తగ్గినప్పుడు, ఉక్కు తిరిగి ముడుచుకొనునది ఇత్తడి ముడుచుకొనుదానిలో సుమారు సగమే. ఇంతేకాక, ఉక్కు గోడకు ఇత్తడియంత మెత్తగా అతుకుకొనదు. అందుచే కొంత పొగయు మసియు తొడుగు ప్రక్కనుండి వెనుకకు వచ్చి గదిగోడపై పేరును. ఉక్కు తూటా పట్టివేయునను మాటలో నిజమైన భాగము ఇదియే.

దీనికి రష్యనులు కనుగొనిన విరుగుడు ఆకారమున నున్నది. వారి 7.62 × 39 తొడుగు అడుగున 11.35 మిల్లీమీటర్ల వెడల్పు కలిగి, భుజమువద్దకు వచ్చునప్పటికి సుమారు 10 మిల్లీమీటర్లకు సన్నగిలును. ఏటవాలుగా నున్న ఇట్టి తొడుగు ఒక వెండ్రుకవాసి వెనుకకు కదలిన చాలును, గోడనంతటిని ఒకేసారి వదలును. గరాటులో గరాటు పెట్టి తీసినట్లు సులువుగా వచ్చును. అమెరికావారి 5.56 మిల్లీమీటర్ల తూటా అట్లు కాదు. దాని తొడుగు అడుగున 9.6, భుజమువద్ద 9 మిల్లీమీటర్లు. అది దాదాపు తిన్నని గొట్టము. ఇత్తడి కొరకు గీసిన ఆ కొలతలలో ఉక్కును పోసినప్పుడు ఇబ్బంది కలుగుటలో వింత లేదు. మన సిపాయిలు దశాబ్దముల తరబడి మోసిన .303 తూటా ప్రధానముగా ఇత్తడిదే యైనను, అడుగున 11.7, భుజమున 10.2 మిల్లీమీటర్లుగా ఏటవాలుగనే యుండెను. ఎడారిలోను, బురదలోను లీ-ఎన్‌ఫీల్డు తుపాకి గడించిన మంచిపేరులో ఆ ఏటవాలునకు కొంత పాలు కలదు.

పాత తుపాకిలో జరుగునది

ఇక పాత తుపాకిని చూతము. మోసిన్-నగాంత్ తుపాకి యందు ఉక్కు తూటా పేల్చిన తరువాత బోల్టు బిగిసి, అరచేతితో కొట్టినగాని తెరచుకొనకుండుట పలువురు చెప్పు అనుభవము. నింద వెంటనే తొడుగుపై పడును, ముఖ్యముగా దాని లక్క పూతపై. పూత కరగి గదిలో జిగురుగా మారునని చెప్పుదురు. కాని ఆ పూత పొయ్యిలో కాల్చి గట్టిపరచినది, గదిలో తొడుగు నిలుచు క్షణకాలమున కరగునది కాదు. నిజముగా పేరుకొనునది మసి.

పాత తుపాకి విషయమున మరియొక కారణము కలదు. నిలువ కొట్లలో దశాబ్దముల తరబడి ఉంచుటకై ఈ తుపాకులను చిక్కని గ్రీజులో ముంచిరి. పైన తుడిచినను తూటాగది భుజము మూలలలో ఆ గ్రీజు మిగిలిపోవును. కొన్ని తూటాలు కాల్చగనే వేడికి అది మెత్తబడి, మసితో కలసి, తొడుగును బంకవలె పట్టుకొనును. గదిని వేడినీటితోను, తగిన ద్రావకముతోను, కుంచెతోను శ్రద్ధగా కడిగిన తరువాత అదే తుపాకి అదే ఉక్కు తూటాను సులువుగా వదలుట తరచుగా కనిపించును. అట్లును వదలని యెడల గదిలో తుప్పు గుంటలు పడినవని గ్రహింపవలెను. ఉబ్బిన తొడుగు ఆ గుంటలలో దిగబడి గోళ్లతో పట్టుకొనినట్లు నిలిచిపోవును. ఇత్తడియైనను అట్లే నిలుచును.

తుపాకి నిర్మాణమును లెక్కింపదగినదే. మాసరు తుపాకికి గల పొడవైన గట్టి కొక్కెము, బోల్టు త్రిప్పగనే తొడుగును కొంచెము కదలించు వాలు, ఉక్కు తొడుగునకు అనుకూలములు. మోసిన్ తుపాకి బోల్టు పిడి పొట్టిది, తిన్ననిది, చేతికి తగినంత పట్టు నీయదు. కలాష్నికోవ్ వంటి తుపాకులలో గదికి క్రోమియము పూత పూసిరి. నునుపైన ఆ గోడపై తుప్పు పట్టదు, మసి తక్కువగా అంటును. కొన్ని తుపాకులలో గదిగోడకు సన్నని గాడులు తొలచి, వాయువునే తొడుగు చుట్టు పోనిచ్చి అది అతుకుకొనకుండ చేసిరి. ఉక్కు తూటా కొరకు కట్టిన తుపాకి వేరు, ఇత్తడి కొరకు కట్టి తరువాత ఉక్కును తినిపించిన తుపాకి వేరు.

ఒక సూక్ష్మము చెప్పి ముందుకు పోవుదును. ఉక్కు తూటాలు చాల కాల్చి గది మసిబారిన తరువాత, కడుగకయే ఇత్తడి తూటాలు కాల్చిన యెడల, ఇత్తడి బాగుగా ఉబ్బి ఆ మసిలోనికి ఒత్తుకొని బిగియును. అప్పుడు చిక్కుకొనినది ఇత్తడి తొడుగు, కారణము ముందటి ఉక్కు తూటాల మసి, తప్పు కడుగని చేతిది. ఎవరిని నిందింపవలెనో కన్ను చూచినంతమాత్రమున తేలదు.

ఉప్పు, వేడినీరు

నమ్మకమును చెరచు మరియొక శత్రువు తొడుగులో కాక రంజకములో నున్నది. పాతకాలపు రంజకమున పొటాసియం క్లోరేటు ఉండెను. అది మండినప్పుడు మిగులు పొటాసియం క్లోరైడు, మన వంటింటి ఉప్పునకు దగ్గరి చుట్టమైన ఉప్పు, గొట్టము పొడవునను అంటుకొని గాలిలోని తేమను పీల్చి ఉక్కును తినివేయును. మచిలీపట్నము, యానాము వంటి సముద్రతీరపు ఊళ్లలో ఇనుప గొళ్లెము ఏమగునో చూచినవారికి దీనిని వివరింపనక్కరలేదు. ఉప్పు నూనెలో కరగదు, నీటిలో కరగును. అందువలననే .303 కాలపు సిపాయికి, కాల్చిన తరువాత గొట్టములో మరిగిన నీరు పోసి, ఆరబెట్టి, పిమ్మట నూనె పూయవలెనని నేర్పెడివారు. నూనె మాత్రము పూసి మెరయించిన తుపాకి లోపల తుప్పు మొదలగును.

చౌక ఉక్కు తూటాలలో, ముఖ్యముగా సైనిక నిలువలనుండి వచ్చిన పాతవానిలో, ఈ రంజకమే ఎక్కువ. దీర్ఘకాలము నిలువయున్నను చెడదని సోవియట్ సైన్యము దానిని వదలలేదు. ఒకడు చౌక తూటా కొని, నీటితో కడుగక, కొన్ని నెలల తరువాత గది తుప్పుపట్టి తొడుగు బిగిసినప్పుడు "ఉక్కు తొడుగు చెరిచినది" అనును. చెరిచినది ఉప్పు. ఆ ఉప్పును వదలించునది ఒక చెంబెడు వేడినీరు.

ఇత్తడికిని తప్పని దోషము

ఉక్కును నిందించువారు వియత్నాం యుద్ధమును తలంపవలెను. 1966, 1967 సంవత్సరములలో అమెరికా సైనికుల ఎం-16 తుపాకులలో తొడుగులు చిక్కుకొని, లోపలినుండి కడ్డీతో పొడిచి తీయవలసి వచ్చి, పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ తొడుగులు మేలైన ఇత్తడివి. కారణములను 1967లో అమెరికా పార్లమెంటు ఉపసంఘము విచారించినది. తుపాకిని పరీక్షించిన తరువాత మందు రకమును మార్చిరి. గదికి క్రోమియము పూత పూయలేదు. కడుగనక్కరలేని తుపాకియని చెప్పి, కడుగు సామగ్రియును తగినంత ఈయలేదు. తరువాత గదికి పూత పూసి, సామగ్రి ఇచ్చి, శిక్షణ సరిదిద్దగా దోషము చాలవరకు తొలగినది. మొదట మాత్రము తుపాకిని శుభ్రముగా నుంచలేదని సైనికునినే తప్పుపట్టిరి. మైళ్ల దూరమున కార్యాలయమందు తీసికొనిన నిర్ణయమునకు అడవిలోనున్నవాడు జవాబు చెప్పవలసి వచ్చినది.

2013లో అమెరికాలో ఒకేరకపు నాలుగు కార్బైనులతో, ఒక్కొక్కదానికి పదివేల లెక్కన నలువదివేల తూటాలు కాల్చి, ఇత్తడిని ఉక్కుతో పోల్చిన పరీక్ష యొకటి జరిగినది. ఇత్తడి తూటాలు వాడిన తుపాకి ఇబ్బంది లేకుండ ముగించినది. ఉక్కు తూటాలు వాడినవానిలో కొన్ని స్వల్ప ఆటంకములతో సాగినవి, ఒకటి మాత్రము తుదివరకు నిలువలేదు. ఉక్కు తూటాల తుపాకుల గొట్టములు ముందుగా అరిగినవి. ఐనను ఆ అరుగుదలకు ప్రధానకారణము తొడుగు కాదు. చౌక తూటాల గుండుపై రాగికి బదులు, పలుచని రాగి పూత గల ఉక్కు కవచముండును. గొట్టమును రాచునది ఆ కవచము. ఇందును నింద ఒకచోట, కారణము వేరొకచోట కనిపించుచున్నది.

ముగింపు

పై విచారణనుండి తేలినదానిని సంగ్రహముగా చెప్పెదను. ఉక్కు తొడుగు ఇత్తడికంటె తక్కువగా ముడుచుకొనును, ఎక్కువ మసి విడుచును. ఈ లోపము నిజమైనది, దానిని దాచుట తగదు. ఏటవాలు తొడుగు, గట్టి కొక్కెము, నునుపైన గది గల తుపాకిలో ఆ లోపము లెక్కకు రానంత స్వల్పము. తిన్నని తొడుగు, గుంటలు పడిన గది, పాత గ్రీజు, కడుగని ఉప్పు తోడైనప్పుడు అదే లోపము ప్రమాదకరమగును. కావున పాత తుపాకిని, అర్హుడైన ఆయుధకారుడు గదిని పరీక్షింపకుండ, ఏ లోహపు తూటాతోను నమ్మరాదు. చౌకదనము దోషము కాదు. చౌకగా చేసినదానికి తగిన తుపాకిని, తగిన శిక్షణను, కడుగుటకు తగిన సామగ్రిని ఈయకపోవుట దోషము.

మద్రాసు సైన్యాధిపతిగా 1881 నుండి 1885 వరకు నుండిన ఫ్రెడరిక్ రాబర్ట్స్, యోధజాతులను వాదమును బలపరచి, దక్షిణదేశపు సిపాయిలు, వారిలో తెలుగువారు, యుద్ధమునకు తగరని తీర్పు చెప్పెను. ఆ తీర్పువలన మద్రాసు సైన్యమున తెలుగువారి సంఖ్య క్షీణించినది. అబూక్లియాలో తూటాలు చిక్కుకొనినది ఆయన ఆ పదవిలో నుండగనే. అదే యేడు టోఫ్రెక్ వద్ద మద్రాసు సాపర్లు నిలిచి పోరాడిరి. పనిముట్టును, పరిస్థితిని, శిక్షణను పరీక్షింపక మనుష్యులను జాతులుగా తూచిన తీర్పునకును, గదిని చూడక లోహమును తూచిన తీర్పునకును పోలిక కలదని నాకు తోచుచున్నది. రెండింటియందును పరీక్షకు ముందే తీర్పు వచ్చినది.

.303 తుపాకి కాలము మన దేశమున దాదాపు ముగిసినది. 1962 యుద్ధము తరువాత సైన్యము దానిని క్రమముగా విడిచినది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26వ తేదీ గణతంత్ర దినోత్సవ కవాతులో దానికి వీడ్కోలు పలికిరి. ఆ తుపాకి మోసినవారి పిల్లలును, మనుమలును మన సంఘములలో నేటికిని కలరు. ఆ యిండ్లలోని పెద్దలను తుపాకి కడుగుటను గూర్చియు, మరిగిన నీటిని గూర్చియు, చిక్కిన తూటాను గూర్చియు అడిగి, వారు చెప్పునది వ్రాసి పెట్టుకొనవలసినదిగా పాఠక సోదర సోదరీమణులను కోరుచున్నాను. దళముల చరిత్రలయందు యుద్ధగౌరవములు నమోదైనవి. తొడుగు బిగిసిన క్షణమున సిపాయి చేసినదేమో ఆ పుస్తకములయందు దొరకదు. అది మన యిండ్లలో మాత్రమే మిగిలియున్నది.